కొలత ఎవరి చేతిలో?

నీటిని మలినపరచినవానిని దండింపవలెనను ఆలోచన మన దేశమునకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో నగరాధికారి ధర్మములను చెప్పు అధ్యాయమున, వీథిలో చెత్త పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు, దారిలో బురదనీరు నిలువజేసినవానికి నాలుగవ వంతు జరిమానా చెప్పబడినది. పుణ్యస్థలము, జలాశయము, దేవాలయము, రాజగృహము, వీని దగ్గర మలవిసర్జనము చేసినచో ఒక పణముతో ఆరంభించి ఒక్కొక్క పణము చొప్పున దండన పెరుగుచు పోవును. ఔషధము పుచ్చుకొనుటవలన గాని, రోగమువలన గాని, భయమువలన గాని అట్లు జరిగినచో దండన లేదని కూడ ఆ మహామంత్రి మరువక వ్రాసినాడు. ఇంత సూక్ష్మముగ ఆలోచించినవాడు మైలను కొలుచుటను గూర్చి ఒక్కమాటయు వ్రాయలేదు. వ్రాయవలసిన పని లేదు. ఆ మైల కంటికి కనబడును, ముక్కునకు తెలియును. సాక్ష్యమునకు బాటసారి చాలును.

1860 నాటి భారత శిక్షాస్మృతి కూడ ఈ త్రోవనే నడచినది. పదిమంది వాడుకొను బావినో ఊటనో చెడగొట్టినవానికి మూడు నెలల వరకు ఖైదు, లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. నీరు చెడినదా లేదా యనుట త్రాగువానికే తెలియునని ఆ శాసనకర్తల నమ్మకము.

నేటి విషమునకు రంగు ఉండవలెనన్న నియమము లేదు. తేటగా నున్న నీటిలో లీటరున కిన్ని మిల్లిగ్రాములని చెప్పవలసిన రోజులు వచ్చినవి. అనగా కొలిచినవాడు కొలిచి చెప్పిననాడే నేరము నేరమగును. అంతవరకు అది రైతు సణుగుడు మాత్రమే. గడచిన ఏబది యేండ్లలో పర్యావరణ పాలనలో ఎన్నో సాధనములు మారినవి. ఆజ్ఞ పోయి ధర వచ్చినది, ఖైదు పోయి పరిహారము వచ్చినది, ఇన్‌స్పెక్టరు పోయి యంత్రము వచ్చినది. ఏది మేలని పండితులు వాదించుకొనుచున్నారు. ఆ వాదములో, కొలుచువాడు ఎవని ఉప్పు తినుచున్నాడన్న ప్రశ్న తరచుగా మరుగున పడుచున్నది. సాధనము ఏదైనను అది పనిచేయునో లేదో తేల్చునది ఆ ప్రశ్నయే.

మొదటి సాధనము ఆజ్ఞ. 1972లో స్టాక్‌హోములో ప్రపంచ దేశములు సమావేశమైన తరువాత, 1974లో మన పార్లమెంటు జలకాలుష్య నివారణ చట్టమును చేసినది. 1976లో ఆంధ్రప్రదేశమున కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడినది. 1981లో వాయుకాలుష్య చట్టము, 1984 డిసెంబరులో భోపాలు ఘోరము, దాని వెనుక 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చినవి. ఈ చట్టముల పద్ధతి సూటియైనది. ఫ్యాక్టరీ పెట్టువాడు మండలి సమ్మతి తీసికొనవలెను. మండలి హద్దులు వ్రాయును. ఇన్‌స్పెక్టరు వచ్చి మచ్చునీరు పట్టుకొని పోవును. హద్దు దాటినచో కేసు. కాగితముపై ఇందులో లోపము కనబడదు. ఆచరణలో మాత్రము మండలి చేతిలో మిగిలినవి రెండే ఆయుధములు. ఒకటి న్యాయస్థానములో అభియోగము, ఏండ్ల తరబడి సాగునది. రెండవది 1988 సవరణతో వచ్చిన మూసివేత ఉత్తరువు, వందల కుటుంబముల కూటిపై ఒక్కసారిగా పడునది. మొద్దుకత్తి ఒకటి, గండ్రగొడ్డలి ఒకటి. నడుమ చిన్న కత్తి లేదు. కనుకనే తరచుగా ఏదియు ఒరనుండి బయటికి రాలేదు.

ఈ కథ యంతయు తెలుగునేలపై చూడదలచినవారు పటాన్‌చెరువునకు పోవలెను. హైదరాబాదునకు కూతవేటు దూరమున, 1970 దశకమునుండి అక్కడ ఫ్యాక్టరీలు బారులు తీరినవి. వాని మైల ఇసుకవాగులోనికి, అక్కడినుండి నక్కవాగులోనికి, తుదకు మంజీరలోనికి దిగినది. వాగునీటితో వరి పండించుకొన్న పల్లెలలో బావులు చెడినవి, పశువులు పోయినవి. 1990లో ఈ గోడు సుప్రీంకోర్టునకు చేరినది. కాలక్రమమున కోర్టు ఆదేశముపై రైతులకు నష్టపరిహారము కొంత ముట్టినది. చిన్న ఫ్యాక్టరీలు తమ తమ మైలను తామే శుద్ధిచేసికొనలేవు గనుక అందరికి కలిపి ఒక శుద్ధికేంద్రమును పెట్టు పద్ధతి వచ్చినది. 1994నుండి ట్యాంకర్లు ఫ్యాక్టరీలనుండి మైలనీటిని అక్కడికి తోలనారంభించినవి. ఆజ్ఞ తరువాత వచ్చిన రెండవ సాధనము ఇదియే: ఉమ్మడి బాధ్యత.

ఉమ్మడి బాధ్యతలో ఒక చిక్కు కలదు. తొంబది ఇండ్ల పాలు ఒకే కుండలో పోసినప్పుడు నీళ్ళు కలిపినవాడెవడో కుండను చూచి చెప్పలేము. పైగా రాత్రివేళ బయలుదేరిన ట్యాంకరు శుద్ధికేంద్రమునకే చేరినదో, త్రోవలోని కుంటకే చేరినదో చూచువారెవ్వరు? ఇక ఆ కేంద్రమునుండి వెలువడు నీటిలో ఏమున్నదో 2007లో లోకమునకు తెలిసినది. తెలిపినది మండలి కాదు, స్వీడను దేశమునుండి వచ్చిన లార్సన్ అను శాస్త్రజ్ఞుని బృందము. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మైల శుద్ధియైన తరువాత వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను క్రిమినాశక ఔషధము లీటరునకు 31 మిల్లిగ్రాముల వరకు నుండెను. కొన్ని సూక్ష్మజీవులకు విషమగు మోతాదునకు అది వేయిరెట్లకు మించినది. దినమునకు సుమారు 45 కిలోల మందు వాగులో కలియుచున్నదని, తొంబది లక్షల జనాభా గల తమ దేశము అయిదు దినములలో వాడు మందు అంతయేనని వారు లెక్కకట్టిరి. ఆ కేంద్రములో మైలను తినివేయు పని సూక్ష్మజీవులకే అప్పగింపబడినదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకొనదగినది. సూక్ష్మజీవులను చంపు మందును సూక్ష్మజీవుల నోటికే పెట్టి శుద్ధిచేయుమనిరి!

మరి మండలి ఏమి చేయుచుండెను? మండలి కొలుచుచునే యుండెను. నీటిలో కరిగిన లవణములను, కుళ్ళు పదార్థముల ప్రాణవాయువు గిరాకిని కొలుచుచుండెను. ఔషధములకు హద్దు నియమావళిలో లేదు. హద్దు లేని దానిని కొలువలేదు. కొలువనిది నేరము కాలేదు.

ఇంతలో న్యాయస్థానములు మూడవ త్రోవ త్రొక్కినవి. మైలచేసినవాడే మూల్యము చెల్లింపవలెనని, శాస్త్రము పూర్తిగా తేల్చలేదను నెపముతో ముందుజాగ్రత్తను మానరాదని 1996లో వెల్లూరు తోళ్ళ ఫ్యాక్టరీల కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. ఆ సూత్రములకు పదును పెట్టిన తీర్పు మాత్రము హైదరాబాదు నీటిని గూర్చినదే. 1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల కాపుదలకై, వానికి 10 కిలోమీటర్ల లోపల కాలుష్యకారక పరిశ్రమలు రాకూడదని 1996లో 111వ నంబరు ఉత్తరువు వెలువడినది. ఆ హద్దు లోపలనే ఆముదపు ఉత్పత్తుల ఫ్యాక్టరీ నొకదానిని పెట్టదలచినవారికి ప్రభుత్వము మినహాయింపు నిచ్చినది. మండలి ఒప్పుకొనలేదు; అప్పీలు అధికారి ఒప్పుకొన్నాడు. కేసు సుప్రీంకోర్టుకు పోయినది. 1999లో జస్టిస్ ఎం. జగన్నాథరావు వ్రాసిన తీర్పు, కీడు జరుగదని నిరూపించు భారము ఫ్యాక్టరీ పెట్టువానిదేయని చెప్పినది. శాస్త్రజ్ఞానము లేని అప్పీలు అధికారులు ఇట్టి విషయములను తేల్చుట సరికాదని, న్యాయాధిపతులతోపాటు శాస్త్రజ్ఞులును కూర్చుండు పర్యావరణ న్యాయస్థానములు కావలెనని కూడ చెప్పినది. 2000లో తుది తీర్పు ఆ మినహాయింపును కొట్టివేసినది. 2010లో ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునలునకు బీజములలో ఈ తీర్పు ఒకటి.

ఆ పది కిలోమీటర్ల హద్దులో ఒక మోటు సద్గుణము కలదు. దానిని పొలము కొలుచు గొలుసుతో ఏ పల్లెటూరివాడైనను కొలువవచ్చును. రసాయనశాల అక్కరలేదు, ఆడిటరుకు ఫీజు అక్కరలేదు. అందులో అన్యాయమును కలదు. చెరువునకు చుక్క మైల చేరని చోటనున్న రైతు భూమి ధర కూడ పడిపోయినది, అతని ఏడుపు అబద్ధము కాదు. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వము మరియొక ఉత్తరువుతో ఆ నిషేధములను తొలగించుచు, నీటి నాణ్యత చెడకూడదను షరతు పెట్టినది. వినుటకు ఇది మేలైన మాటగానే తోచును. ఎంత దూరమున నున్నారని కాక ఎంత మైల వచ్చినదని చూచుట బుద్ధికి నచ్చును. కాని పల్లెటూరివాని చేతిలోని గొలుసు ఆనాడే జారిపోయినది. నాణ్యత చెడినదో లేదో ఇక నిపుణుడు చెప్పవలెను. నిపుణునికి జీత మిచ్చునది ఎవరను ప్రశ్న ఆ షరతు వెంటనే నడచి వచ్చినది.

అర్థశాస్త్రజ్ఞులు చూపిన త్రోవ వేరు. 1920లో ఇంగ్లండులో పిగూ అను పండితుడు, ఒకడు చేసిన కీడు పరులపై పడుచున్నప్పుడు ఆ కీడుకు వెలకట్టి వానివద్దనే వసూలు చేయవలెనని వాదించినాడు. మన దేశమున 1977లో నీటి సెస్సు పెట్టుటలో ఈ వాసన కొంత కలదు. అయితే అది పరిశ్రమలు వాడు నీటిపై పైసల లెక్కన వేసిన పన్ను. దానికి భయపడి మైల మానుకొన్నవా డుండడు. 2017లో జీఎస్‌టీతో అదియు పోయినది. అమెరికాలో 1990 చట్టముతో మరియొక పద్ధతి వచ్చినది. విద్యుత్కేంద్రముల గంధకపు పొగకు మొత్తము హద్దు పెట్టి, ఆ హద్దును టన్నుల పర్మిట్లుగా పంచి, తక్కువ వదలినవాడు మిగిలిన పర్మిట్లను అమ్ముకొనవచ్చు ననిరి. ఈ పద్ధతిని పొగడువారు బజారు మహిమను చెప్పుదురు గాని, ప్రతి పొగగొట్టమునందును నిరంతరము కొలుచు యంత్రమును ఆ చట్టమే బిగించినదని చెప్పుట మరతురు. తక్కెడ లేని సంతలో బేరము లుండవు.

మన దేశమున ఈ సంగతిని కంటికి కట్టినట్లు చూపిన ప్రయోగము గుజరాతులో జరిగినది. అక్కడి హైకోర్టు 1996లో చేసిన ఏర్పాటు ప్రకారము పెద్ద కాలుష్యకారక ఫ్యాక్టరీలు ఏటేట ఆడిటరుచేత తమ మైలను కొలిపించి నివేదిక పంపవలెను. ఆడిటరును ఎన్నుకొనునది ఫ్యాక్టరీయే, ఫీజు ఇచ్చునదియు ఫ్యాక్టరీయే. దొంగచేతికి తాళపుచెవి ఇచ్చుట యన్న ఇదియే! 2009నుండి 2011 వరకు ఎస్తేర్ డ్యూఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలాస్ రయన్ అను అర్థశాస్త్రజ్ఞులు అక్కడి మండలితో కలిసి 473 ఫ్యాక్టరీలను తీసికొని, వానిలో కొన్నిటికి ఏర్పాటు మార్చిరి. ఆడిటరు ఎవరో చీటీవేసి తేల్చిరి. ఫీజు ఉమ్మడి నిధినుండి ఇచ్చిరి. కొన్ని నివేదికలను మరియొకరిచే తిరిగి కొలిపించిరి.

పాతపద్ధతి నడచిన ఫ్యాక్టరీలలో ధూళి హద్దు దాటినవి నూటికి 7 మాత్రమేనని ఆడిటర్ల నివేదికలు చెప్పినవి. నిజముగ దాటినవి నూటికి 59. నివేదికలలోని అంకెలన్నియు హద్దునకు ఇంచుక క్రిందుగా, కట్టకు ఆనుకొన్న పిట్టలవలె వరుసగా కూర్చుండినవి. క్రొత్తపద్ధతిలోని ఆడిటర్లు అబద్ధపు మంచిపత్రము లిచ్చుట నూటికి 80 వంతులు తగ్గినది. తగ్గినది అబద్ధమే కాదు, ఫ్యాక్టరీలు వదలు మైలయు తగ్గినది. చట్టములో ఒక్క అక్షరము మారలేదు, జరిమానా పైసా పెరుగలేదు. తక్కెడ పట్టుకొన్నవాని జీతపు త్రోవ మాత్రము మారినది.

అట్లని మనుష్యుని తీసివేసి నియమమునే నమ్ముకొన్నచో సరిపోవునా? ఆ పండితులే గుజరాతులో చేసిన మరియొక పరిశోధన ఈ ఉత్సాహమును కొంత చల్లార్చును. కొన్ని ఫ్యాక్టరీలకు తనిఖీలు చాల పెంచిరి. మైల చెప్పుకొనదగినంతగా తగ్గలేదు. ఏలయన, పెరిగిన తనిఖీలు ఫలానా ఫ్యాక్టరీయని లేకుండ పంపినవి. తమ ఇష్టమున పోవు ఇన్‌స్పెక్టర్లు మిక్కిలి చెడ్డవానివద్దకే పోవుచుండిరి. ఏ గోడ వెనుక ఏమి వండుచున్నారో ఏండ్ల తరబడి తిరిగిన ఇన్‌స్పెక్టరునకు తెలియును. ఆ జ్ఞానమే లంచమునకు మూలధన మగుచున్నదన్నమాట నిజమే గాని, ఆ భయముతో జ్ఞానమును కూడ పారవేయరాదు.

సూరతులో 2019నుండి మరియొక అడుగు వేసిరి. బొగ్గు కాల్చు సుమారు 300 ఫ్యాక్టరీల పొగగొట్టములకు యంత్రములు బిగించి, ధూళికి పర్మిట్ల సంతను పెట్టిరి. మునుముందు డిపాజిట్టు కట్టించుకొని, పర్మిట్టు చాలనివారివద్ద అందులోనుండి కోసికొనిరి. పొగలోని ధూళి నూటికి 20నుండి 30 వంతులు తగ్గినదని, ఫ్యాక్టరీలకు ఖర్చు కూడ తగ్గినదని తరువాతి పరిశోధనలో తేలినది. ధూళి విషయమున ఇది మెచ్చదగిన ఫలితమే. నగరమంతయు పీల్చు గాలిలో ఏ గొట్టమునుండి వచ్చిన ధూళియైనను ఇంచుమించు ఒక్కటే. కాని ఈ సంతను నక్కవాగునకు తీసికొనివచ్చినచో ఏమగును? ఎగువ ఊరి ఫ్యాక్టరీ కొనుక్కొన్న పర్మిట్టు దిగువ ఊరి బావిని శుభ్రము చేయదు. అచ్చట కావలసినది హద్దే, దానికి కాపలాయే.

ఇక సాధనములలో సులభమైనది స్వయంప్రకటనము. పరిశ్రమవాడు తన సంగతి తానే వ్రాసియిచ్చును, ప్రభుత్వము నమ్మును. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణములో ఆర్.ఆర్. వెంకటాపురముపై స్టైరీను ఆవిరి పడి 12 మంది ప్రాణములు తీసినది. తనకు చెల్లుబాటగు పర్యావరణ అనుమతి లేకయే ఫ్యాక్టరీ నడచుచున్నదని ఆ కంపెనీయే అంతకు ఏడాది ముందు, 2019లో, అధికారులకు ప్రమాణపత్రము దాఖలు చేసియుండెను. స్వయంప్రకటనములో అబద్ధము చెప్పుదురని అందరును భయపడుదురు. ఇక్కడ చెప్పినది నిజము. చదివి కదలినవారు లేరు. మరునాడే హరిత ట్రిబ్యునలు 50 కోట్ల రూపాయలు కట్టుమన్నది.

దండనలోను కాలము మారినది. 2023లో జనవిశ్వాస చట్టముతో, 2024లో జలచట్ట సవరణతో పెక్కు తప్పులకు ఖైదు పోయి, 10 వేలనుండి 15 లక్షల రూపాయల వరకు అపరాధరుసుము వచ్చినది. ఎవరును అనుభవింపని ఖైదు కన్న వసూలగు రుసుము మేలని సమర్థించువారిమాట త్రోసివేయదగినది కాదు. పైన చెప్పిన చిన్న కత్తి లేని లోటు కొంత తీరవచ్చును. అయితే పెద్ద ఫ్యాక్టరీకి 15 లక్షలు ఖర్చులపద్దులో ఒక వరుస మాత్రమే. పర్యావరణ పరిహారమునకు కేంద్ర మండలి ఒక లెక్క వ్రాసినది. పరిశ్రమ తరగతి, పరిమాణము, ఉన్న చోటు, తప్పు జరిగిన దినముల సంఖ్య, వీనిని హెచ్చవేసి రూపాయలు తేల్చును. దినముల సంఖ్య యన్న చోటనే కన్ను ఆగును. వాగులో మైల పడిన దినము లెన్నో, ఇన్‌స్పెక్టరు చూచిన దినము లెన్నో, ఆ రెండింటి నడుమనున్న దినములకు వెలకట్టిన వారెవరు?

2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము పర్యావరణ ఆడిట్ నియమములను ప్రకటించినది. రిజిష్టరైన ఆడిటర్లు తనిఖీ చేయుదురు, ఏ ఆడిటరు ఏ పరిశ్రమకు పోవలెనన్నది పరిశ్రమ ఇష్టము కాక యాదృచ్ఛికముగ తేలును. గుజరాతు పాఠము ఢిల్లీకి చేరినదనుటకు ఇది గుర్తు, హర్షింపదగినది. కాని ఆ ప్రయోగములో చీటీ ఒక్కటియే పనిచేయలేదు. ఉమ్మడి నిధినుండి ఫీజు, తిరిగి కొలుచుట, ఈ రెండును దానికి తోడుగ నిలిచినవి. ఫీజు ఫ్యాక్టరీ గల్లాపెట్టెనుండి నేరుగ వచ్చినంతకాలము చీటీలో ఎవరిపేరు వచ్చినను ఆడిటరు చూపు ఆ పెట్టెమీదనే యుండును. కొలిచిన అంకె మండలి ఫైలులోనే నిదురించినచో, వెంకటాపురపు ప్రమాణపత్రము నిదురించినట్లే నిదురించును. దానిని పంచాయతీ కచేరి గోడమీద, ఆ ఊరివారు చదువు తెలుగులో, తేదీతో సహా అంటింపవలెను. ఇందుకు పెద్ద ఖర్చు లేదు, యంత్రమును లేదు.

క్రొత్త ఆడిటరు ఒకనాడు పటాన్‌చెరువునకు పోవును. ఉమ్మడి నిధినుండి జీతము పుచ్చుకొన్న నిజాయితీపరుడే యనుకొందము. గొట్టము మొదట సీసా పట్టుకొని నిలుచును. జాబితా ప్రకారము లవణములను కొలుచును, కుళ్ళును కొలుచును. 2020 జనవరిలో మందుల ఫ్యాక్టరీల మైలనీటిలో 121 క్రిమినాశక ఔషధములకు హద్దులు వ్రాసి కేంద్ర ప్రభుత్వము చిత్తుప్రతి ప్రకటించినది. 2021 ఆగస్టులో వెలువడిన తుది ప్రకటనలో ఆ హద్దులు లేవు. అవి తిరిగి ఎక్కనంతవరకు, సిప్రోఫ్లాక్సాసిన్ ఎంత యున్నదని ఆ నిజాయితీపరుని అడుగువారు లేరు.